దొర చెప్పిన నాలుగు మాటలు

కృష్ణప్పకు అనుమానం సారాయి దగ్గర మొదలైంది.

ఆదివారం మధ్యాహ్నం. కడుపు నిండా సంగటి తిని, పడక్కుర్చీలో వాలి, ముప్పై మూడేళ్ళ తర్వాత తన కౌబాయ్‌ని మళ్ళీ చూస్తున్నాడు. ఆ సినిమాల డబ్బా తెచ్చింది కూతురు వసుధ. ఆమె మదనపల్లెలో ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెబుతుంది. బస్టాండు వెనక సీడీల అంగడి మూసేస్తూ ఉంటే, మూలన దుమ్ము కొట్టుకుపోయి పన్నెండు డీవీడీలు, వాటిని ఆడించే ప్లేయరూ దొరికాయి. అన్నీ పాత గుర్రాల సినిమాలు, తుపాకుల సీరియళ్ళు. చిన్నప్పుడు తండ్రి అన్నం ముద్దలు పెడుతూ చెప్పిన కథలన్నీ వీటిల్లోవేనని ఆ పిల్లకు తెలుసు. పుంగనూరు బస్సెక్కి, డబ్బాను ఒళ్ళో పెట్టుకుని ఊరికి తెచ్చింది.

తెర మీద హీరో ఒక హోటల్లోకి వచ్చి, బల్ల చరిచి ఏదో అడిగాడు.

"కషాయం అడగతాండాడు సూడు," అన్నాడు కృష్ణప్ప. "వానికి ఎప్పుడూ గొంతునొప్పే."

వసుధ తెర కింద వస్తున్న ఇంగ్లీషు అక్షరాలు చదివి నవ్వింది. "కషాయం కాదు నాయినా, సారాయి. అది సారాయి అంగడి."

"ఎవురు చెప్పినారు నీకు?"

"ఈడ రాసుండాది కదా."

"మరి ఆ ఆడోళ్ళు? గుడిలో పాటలు పాడే ఆడోళ్ళు కదా వాళ్ళు?"

వసుధ తల్లి వైపు చూసింది. చింతపండులో గింజలు తీస్తున్న సుశీలమ్మ తల ఎత్తలేదు. "కాదులే నాయినా," అంది వసుధ, ఆ సంగతి అంతటితో వదిలేస్తూ.

ఆ సారాయిని తెలుగులో కషాయం చేసిన మనిషి పేరు శాలేము రాజు. పుంగనూరు నుంచి మదనపల్లెకు పోయే దారిలో అప్పట్లో ఒక చిన్న మిషన్ ఆస్పత్రి ఉండేది. అది మూతపడి చాలా ఏళ్ళయింది, ఇప్పుడు ఆ గోడల మధ్య కోళ్ళ ఫారం నడుస్తోంది. అక్కడ ఒక అమెరికా డాక్టరుండేవాడు. అందరూ దొర అనేవాళ్ళు. దొరకు తెలుగు రాదు, రోగులకు ఇంగ్లీషు రాదు, ఇద్దరి మధ్యా నిలబడేవాడు శాలేము రాజు. చర్చి వాళ్ళ ఉజ్జీవ కూటాలప్పుడు పరదేశపు బోధకుడు ఒక వాక్యం అంటే, పక్కనే నిలబడి అదే ఊపుతో తెలుగులో ఇంకో వాక్యం అనేవాడు. శనివారం మధ్యాహ్నం నర్సుల హాల్లో దొర వీడియో క్యాసెట్టు పెడితే అక్కడా అదే పని. ఎడమ చెయ్యి టీవీ నెత్తిన పెట్టుకుని, కౌబాయ్ ఒక మాట అనగానే తనూ ఒక మాట అనేవాడు. చర్చి సంఘస్థులు సినిమాలు చూడకూడదు. దొర పెట్టే సినిమా మాత్రం చూడొచ్చు, అందులోనూ శాలేము రాజు తెలుగులో అయితే దోషమే లేదు. ఆ తెలుగులో దారిదోపిడీ దొంగలు కూడా "సహోదరుడా, నీ గుర్రమును నాకిమ్ము" అని మర్యాదగా అడిగేవాళ్ళు.

కృష్ణప్ప సంఘస్థుడు కాడు. పదెకరాల మెట్ట ఉన్న రైతు. ఆస్పత్రి వంటింటికి పాలు పోసేవాడు. ఇంట్లో ఉన్నవి నడుమెత్తు కూడా లేని పుంగనూరు ఆవులు నాలుగు. తెర మీద చూస్తే వేల తలల మంద, దుమ్ము లేపుకుంటూ. ఆ మందను చూడ్డానికే మొదట హాల్లో కాలు పెట్టాడు, తర్వాత ప్రతి శనివారం ముందు చాప ఆయనదే అయింది.

సారాయి వరకూ కృష్ణప్ప కూడా నవ్వుకున్నాడు. ఆఖరి సీను దగ్గర నవ్వు ఆగింది.

ఆ సినిమాలో హీరో తన తమ్ముణ్ణి చంపినవాణ్ణి వెతుక్కుంటూ పోయి ఎడారిలో పట్టుకుంటాడు. ఇద్దరూ ఒక బండ వెనక్కి పోతారు. తుపాకీ పేలుతుంది. హీరో ఒక్కడే గుర్రమెక్కి పోతాడు. శాలేము రాజు చెప్పిన ప్రకారం, హీరో "నిన్ను క్షమించితిని, నీ దారిన నీవు పొమ్ము" అని తుపాకీని ఆకాశంలోకి కాల్చాడు. కృష్ణప్పకు ఆ ముగింపంటే ప్రాణం. గట్టు తగాదాల్లో మధ్యస్థం చెప్పేటప్పుడు కూడా ఆ కౌబాయ్‌ని సాక్ష్యానికి పిలిచేవాడు.

"ఇప్పుడేమన్న్యాడు?" అని అడిగాడు.

"నీ గోరీ నువ్వే తవ్వుకో, నాకు టైము లేదు అన్న్యాడు."

"కాల్సింది ఆకాశంలోకి కదా?"

"వాణ్ణే కాల్సినాడు నాయినా. వెనకాల కాళ్ళు కనపడతాండాయి సూడు."

కృష్ణప్ప లేచి టీవీ దగ్గరికి పోయి చూశాడు. బండ పక్కన బూట్లు కనిపించాయి. ముప్పై మూడేళ్ళు తాను పదిమందికీ చెప్పిన కథ అబద్ధం. అంతటితో ఆగి ఉంటే అది నవ్వుకునే సంగతే. కానీ పాలు పితుకుతూ కూర్చున్నప్పుడు ఆయనకు ఇంకోటి గుర్తొచ్చింది, చెయ్యి పొదుగు మీదే ఆగిపోయింది.

ముప్పై మూడేళ్ళ కిందట సుశీలమ్మకు తొలి కానుపు ఆ ఆస్పత్రిలోనే. మగబిడ్డ, దక్కలేదు. దొర వరండాలోకొచ్చి కృష్ణప్ప ఎదురుగా నిలబడి చాలాసేపు మాట్లాడాడు. ముఖం ఎర్రగా చేసుకుని, గోడ గడియారం వైపు రెండుసార్లు వేలు చూపించాడు. లోపల మంచం మీదున్న సుశీలమ్మ వైపు చెయ్యి చూపించాడు. ఆయన అంతసేపు మాట్లాడితే శాలేము రాజు తలొంచుకుని, "ఎవురి తప్పూ లేదప్పా, దేవుని చిత్తం," అన్నాడు. అంతే.

అంత పొడుగు ఇంగ్లీషుకు ఇంత పొట్టి తెలుగా?

గడియారం ఎందుకు చూపించాడు? దొర వేళకు రాలేదేమో. మందు మారిందేమో. దొర తన తప్పు ఒప్పుకుంటే, ఈ శాలేము రాజు దాన్నీ కషాయంగా మార్చాడేమో. ఆస్పత్రి జీపు దొరకడం కూడా ఆలస్యమైంది, అదీ వాళ్ళ తప్పే. కృష్ణప్ప జ్ఞాపకం జీపు దాకా వచ్చి ఆగింది. మనిషి జ్ఞాపకానికి ఎక్కడ ఆగాలో ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఎవరి తప్పూ లేదంటే ఊరుకునే మనిషి కాదు కృష్ణప్ప తల్లి. తప్పు లేకుండా బిడ్డ ఎట్లా పోతాడని ఇల్లంతా వెతికి, కోడలి దగ్గర దొరికించుకుంది. పెరట్లో బొప్పాయి చెట్టు ఉండేది. తొమ్మిదో నెలలో, నోరు ఊరి, సుశీలమ్మ రెండు ముక్కలు తినింది. బొప్పాయి తిని బిడ్డను పోగొట్టుకున్న మనిషి అని అత్త పదిమందిలో అనేది, పెళ్ళిళ్ళలో అనేది. చివరికి సుశీలమ్మే కొడవలి తీసుకుని ఆ చెట్టును నరికింది. మూడేళ్ళకు వసుధ పుట్టింది, అత్త కాలం చేసింది. అయినా ఇప్పటికీ ఎవరింట్లోనైనా బొప్పాయి కోస్తే సుశీలమ్మ లేచి బయటికి వెళ్తుంది. ఆ మాటలు పడిన రోజుల్లో కృష్ణప్ప ఆమె తరఫున ఒక్కసారీ నోరు విప్పలేదు.

"మనల్ని మోసం చేసినారు మే," అన్నాడు పాల చెంబు దించుతూ. "దొర ఏందో చెప్పినాడు. వీడు ఇంకేందో చెప్పినాడు."

సుశీలమ్మ చెంబు మీద మూత పెట్టింది. "పోయి కనుక్కోనిరా," అంది. "దొర ఏమన్న్యాడో, ఉండేది ఉన్నట్టు నాకు చెప్పల్ల. బిడ్డ ఎందుకు పోయినాడో నేను తెలుసుకోవల్ల."

ఆ తర్వాత మూడు రోజులు కృష్ణప్ప ఎవరి మాటా నమ్మలేదు. బీపీ మాత్రల చీటీని, మదనపల్లె తిరిగిపోయిన వసుధకు ఫోన్లో పంపి మళ్ళీ చదివించాడు. ఆవుకు సూది వేసిన పశువుల డాక్టర్ని, సీసా మీద ఏముందో తెలుగులో చెప్పమని నిలబెట్టాడు. టీవీలో వార్తలు చదివే అమ్మాయిని కూడా కళ్ళు చిన్నవి చేసి చూశాడు. వసుధ మొదట నవ్వింది, తర్వాత భయపడింది.

బుధవారం మదనపల్లె పోయాడు. ఆ ఆస్పత్రిలో పనిచేసిన నర్సు మెర్సీ ఇప్పుడు రిటైరై చర్చి వెనక వీధిలో ఉంటోంది. ఆ కానుపు రోజు లోపల ఉన్నది ఆమే. కాఫీ ఇచ్చింది, వసుధ గురించి అడిగింది, ఆవుల గురించి అడిగింది. దొర మాట ఎత్తగానే గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళి, రావలసినదానికన్నా ఆలస్యంగా వచ్చింది.

"ఇప్పుడు యాలప్పా అదంతా?"

"నీకు ఇంగ్లీషు వస్తాది కదా సిస్టరమ్మా. నువ్వూ విన్న్యావు. దొర ఏమన్న్యాడు?"

"నేను లోపల సుశీలమ్మ కాడ ఉంటిని. సగం విన్న్యా, సగం వినలేదు." ఆమె కృష్ణప్ప ముఖంలోకి చూడలేదు. "రాజు సార్‌నే అడుగుపో. కుప్పంలో కూతురు ప్రిస్కిల్లా ఇంట్లో ఉండాడు. ఎనబై నాలుగేండ్లు. త్వరగా పో."

"సిస్టరమ్మా, తప్పు డాక్టరుదే కదా?"

మెర్సీ గేటు దాకా వచ్చింది. "నువ్వు బాగా ఆలోచన చేసుకోని పో నాయినా," అని మాత్రం అంది. అందరూ ఒక్కటే, అనుకున్నాడు కృష్ణప్ప. దాచవలసింది లేకపోతే ముఖం ఎందుకు తిప్పుకుంటుంది?

మరుసటి రోజు తెల్లారే బస్సెక్కి, పలమనేరులో ఒకసారి, వి.కోటలో ఒకసారి బస్సు మారి, పదిన్నరకు కుప్పంలో దిగాడు. దారి పొడుగునా శాలేము రాజును అడగవలసిన మాటలు నూరుకుంటూనే ఉన్నాడు. రైల్వే స్టేషను వెనక వీధిలో ఇల్లు వెతకనక్కరలేకపోయింది. కిటికీలోంచి గుర్రాల గిట్టల చప్పుడు, దాని మీద ఒక ముసలి గొంతు వినిపించాయి.

"సహోదరులారా, నదిని దాటకుడి! అవతల శత్రువులు పొంచి యున్నారు!"

తలుపు తీసిన ప్రిస్కిల్లా వందనాలు చెప్పి, ఊరూ పేరూ అడిగి, లోపలికి రమ్మంది. "నాయనకు చూపు పోయిండాది. చెవులు బాగుండాయి. డీవీడీ పెడితే పొద్దంతా ఎవురికో ఒకరికి చెప్తానే ఉంటాడు," అంది. శాలేము రాజు టీవీకి జానెడు దూరంలో కూర్చుని ఉన్నాడు. పలకలా పలచటి టీవీ నెత్తిన చెయ్యి పెట్టడానికి చోటు లేక, ఎడమ చేత్తో దాని స్టాండు పట్టుకున్నాడు.

"ఎవురమ్మా?"

"పుంగనూరు కాడి నుంచి వచ్చినా. పాలు పోసే కృష్ణప్పను."

తెర మీద ఇద్దరు ముగ్గురు మాట్లాడారు. శాలేము రాజు తెలుగు చెప్పలేదు.

"నువ్వొస్తావని చానా ఏండ్లు చూసినా," అన్నాడు. "తర్వాత చూడ్డం మానుకున్న్యా."

ఆ మాటతో కృష్ణప్ప అనుమానానికి బలం వచ్చింది. కుర్చీ కూడా లాక్కోకుండా నిలబడే అడిగాడు. "కషాయం కాదు, సారాయంట. క్షమించలేదు, చంపినాడంట. సినిమాలోనే ఇన్ని అబద్ధాలు చెప్పినోడివి, నా బిడ్డ పోయినపొద్దు దొర మాటకు ఏం అబద్ధం చెప్పినావు? దొర తప్పు చేసినాడు, గడియారం చూపించి ఒప్పుకున్న్యాడు. నీ ఉద్యోగం కోసం నువ్వు కప్పిపెట్టినావు. అవునా కాదా?"

"ఉద్యోగం కోసమే," అన్నాడు ముసలాయన. "అది నిజమే."

దొరికాడు! అనుకున్నాడు కృష్ణప్ప. "అయితే చెప్పు. దొర అన్నది అన్నట్టు, అచ్చరం పోకుండా చెప్పు."

"వినాల్నా నిజంగా?"

"దానికే వచ్చినా."

శాలేము రాజు కూతుర్ని టీవీ ఆపమన్నాడు. ఆమె చెయ్యి పట్టుకుని లేచి, స్టాండు ఆనుకుని, ఉజ్జీవ కూటంలో నిలబడినట్టు నిటారుగా నిలబడ్డాడు. ముందు దొర ఇంగ్లీషును లోగొంతుతో అనుకున్నాడు. తర్వాత తెలుగు చెప్పాడు.

"ఈ తల్లిని రెండు గంటల ముందు తెచ్చి ఉంటే బిడ్డ బతికేవాడు." ఆయన వేలు గాల్లో, ఆ గడియారం ఉండే ఎత్తుకు లేచింది.

మళ్ళీ లోగొంతు. మళ్ళీ తెలుగు. "బిడ్డలో ఏ లోపమూ లేదు. తల్లిలోనూ లేదు."

"ఆమె చేసిన తప్పు ఏదీ లేదని ఆమెకు చెప్పండి. ఇంటివాళ్ళందరి ముందరా చెప్పండి."

నాలుగో మాట దగ్గర ఆయన ఊపిరి తీసుకున్నాడు. "జీపు పొద్దుటినుంచి షెడ్డులోనే ఉంది. ఎందుకు ఆలస్యం చేశాడో ఇతన్ని అడగండి."

ప్రిస్కిల్లా కుర్చీ జరిపింది. కృష్ణప్ప కూర్చున్నాడు.

"అడగమన్న్యాడు, నేను అడగలేదు," అన్నాడు శాలేము రాజు. "నాకు తెలుసు కాబట్టి. ఆ పొద్దు శనివారం. పాల క్యాన్లు తలుపు కాడ పెట్టి, నువ్వు ముందర చాప మీద కూర్చోనుంటివి. నేనే సినిమా చెప్తాండా. ఒంటి గంటకు వచ్చినావు, అయిపోయేసరికి మూడు. అప్పుడు లేచి, ఇంట్లో నొప్పులు పడతాండారు, జీపు కావల్ల అని అడిగినావు. దొరకు ఆ సంగతి తెలిసుంటే ఆ క్యాసెట్లన్నీ కాల్చేసుండు, నా పనీ పొయ్యుండు. నిన్నూ కాపాడినా, నన్నూ కాపాడుకున్న్యా. ఆ తల్లిని మర్సిపోయినా."

జీపు దగ్గర ఆగిన జ్ఞాపకం ముప్పై మూడేళ్ళకు ముందుకు కదిలింది. పోయి జీపు తెమ్మని తల్లి చెప్పింది. తొలి కానుపు, సాయంత్రం దాకా పడుతుందిలే అనుకున్నాడు. ఐదు నిమిషాలు చూసి లేద్దామనుకున్నాడు, హీరో ఎడారిలోకి వచ్చినా లేవలేకపోయాడు. ఇంటికి పోయి, జీపు కలికిరి క్యాంపుకు పోయిందని, తిరిగొచ్చేదాకా కాచుకున్నానని చెప్పాడు. ఆ అబద్ధాన్ని ఎంత బాగా చెప్పాడంటే, తర్వాత తనే నమ్మాడు. ఆ శనివారం తర్వాత మళ్ళీ ఆ హాల్లో కాలు పెట్టలేదు. దొంగను పట్టుకుందామని రెండు బస్సులు మారి వచ్చినవాడికి దొరికింది తనే.

"సుశీలమ్మకు నేనొచ్చి చెప్పాల్నా?" అని అడిగాడు ముసలాయన.

"వద్దు సార్. నేనే చెప్తా."

అన్నాడు గానీ, తిరుగు బస్సులో ఇంకో తెలుగు తయారుచేయడం మొదలుపెట్టాడు. దొర చనిపోయాడు. ఆస్పత్రి కోళ్ళ ఫారమైంది. నాలుగో మాటకు బదులు, జీపు లేకపోవడం తమ తప్పేనని దొర ఒప్పుకున్నాడని చెబితే కాదనేవాళ్ళు లేరు. ఆమె తప్పు లేదన్న మాట ఎలాగూ చెబుతాడు కదా, అది చాలదా? నాలుగింటిలో మూడు మాటలు నిజం. పలమనేరు దాటేసరికి ఆ తెలుగు ఎంతో నున్నగా తయారైంది. అది అంత నున్నగా రావడం చూసి ఆయనకే భయమేసింది.

సాయంత్రం ఐదింటికి ఇల్లు చేరేసరికి సుశీలమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. చెంబుతో నీళ్ళిచ్చింది. ఆయన తాగేంత సేపూ ఆయన ముఖాన్నే చూసింది.

"దొర నాలుగు మాటలన్న్యాడు," అని మొదలుపెట్టాడు కృష్ణప్ప. మొదటిది చెప్పాడు. రెండోది చెప్పాడు. మూడోదీ చెప్పాడు. నాలుగో దాని దగ్గర ఆగాడు.

"నాలుగోది?" అంది సుశీలమ్మ.

చెప్పాడు. దొర అడగమన్న ప్రశ్నకు జవాబు కూడా తనే చెప్పాడు. చాప, క్యాన్లు, ఎడారి, కలికిరి క్యాంపు.

సుశీలమ్మ ఖాళీ చెంబు అందుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"బొప్పాయి వల్ల కాదా అయితే?"

"కాదు."

"రెండే ముక్కలు తిన్న్యా," అంది. "రెండే. ముప్పై మూడేండ్లు, నా బిడ్డను నేనే మింగితినని పడుకున్న్యా, లేచినా." కొంగుతో ముఖం కప్పుకుని ఏడ్చింది. కృష్ణప్ప చెయ్యి చాచాడు. ఆమె పక్కకు జరిగింది.

ఏడుపు ఆగాక లేచి, ముఖం కడుక్కుని, టీవీ ముందు పీట వేసుకుంది. "ఆ సినిమా ఈ డబ్బాలో ఉండాదంటివే. పెట్టు."

"మే, ఇప్పుడు..."

"నా బిడ్డకన్నా ఎక్కువైనదేందో నేనూ సూడల్ల. పెట్టు."

పెట్టాడు. ఆమె ఏ సినిమానీ అంత శ్రద్ధగా చూసి ఉండదు. వాళ్ళు ఇంగ్లీషులో ఏదో మాట్లాడుకున్నారు, కింద అక్షరాలు వచ్చాయి, పోయాయి. చెప్పేవాళ్ళు లేరు. కృష్ణప్ప వెనక నిలబడ్డాడు గానీ నోరు తెరవలేదు. ఆఖరికి హీరో ఆ మనిషిని బండ వెనక్కి తీసుకుపోయాడు. తుపాకీ పేలింది.

"ఆకాశంలోకి కాల్సినాడా?" అంది సుశీలమ్మ. ఆ కథ ఆ ఇంట్లో ఎన్నిసార్లు చెప్పాడో ఆమెకు తెలుసు.

"లేదు. వాణ్ణే."

సుశీలమ్మ తలాడించింది. "నేనైతే ఆ బండ వెనక్కి గూడా తీసకపొయ్యుండను. అందరి ముందరే," అంది. టీవీ తనే ఆపింది. "వచ్చే ఆదివారం మీ అన్నదమ్ముల్ని, వాళ్ళ పెండ్లాల్ని, మీ అమ్మ మాటలు విన్నోళ్ళందర్నీ పిలువు. దొర చెప్పిన నాలుగు మాటలూ చెప్పు. ఒక్కటి తగ్గినా నేను లేచి చెప్తా."

కృష్ణప్ప సరేనన్నాడు. ఆమె బక్కెట్టు తీసుకుని ఆవులకు నీళ్ళు పెట్టడానికి పోయింది.